కల్చర్ రిపోర్టులో ‘ఆర్’ అంటే ఏమిటి?



వానాకాలం వచ్చిందంటే మా క్లాసుల్లో పాఠం కంటే దగ్గే ఎక్కువ వినిపిస్తుంది. మొన్న 8వ తరగతిలో ఒక పాప పెన్సిల్ బాక్సులోంచి సగం వాడిన మాత్రల స్ట్రిప్పు తీసి పక్క అమ్మాయికి ఇస్తోంది. “ఏంటమ్మా అది?” అని అడిగాను. “సర్ది టాబ్లెట్ మిస్. మా తమ్ముడికి మిగిలింది. దీనికి కూడా సర్ది అయింది” అంది. తీసుకుని చూస్తే అజిత్రోమైసిన్. అది యాంటీబయాటిక్. స్ట్రిప్పు వెనక నిలువునా ఎర్ర గీత కూడా ఉంది.

పాపను కోప్పడలేదు. స్నేహితురాలికి సాయం చేద్దామనుకుంది, అంతే. ఇంట్లో పెద్దవాళ్లు చేసేదే తనూ చేసింది. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. అందుకే ఈ నెల సైన్సు పేజీకి ఈ విషయం తీసుకున్నాను.

మా నాన్న రిపోర్టు

రెండేళ్ల క్రితం మా నాన్నకు పట్నంలోని ఒక ఆసుపత్రిలో కిడ్నీలో రాయికి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చిన వారానికి చలి జ్వరం పట్టుకుంది. మాత్రలు మార్చారు, తగ్గలేదు. చివరికి యూరిన్ కల్చర్ చేయించారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది. పైన క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పేరు, కింద వరుసగా మందుల పేర్లు, ఒక్కో మందు ఎదురుగా ఒక అక్షరం. ‘ఎస్’ ఉంటే సెన్సిటివ్, అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగుతుంది. ‘ఆర్’ ఉంటే రెసిస్టెంట్, అంటే లొంగదు. నాన్న రిపోర్టులో పై నుంచి కింది దాకా ‘ఆర్’ లే. ‘ఎస్’ రెండే రెండు మందులకు ఉంది. ఆ రెండూ మాత్రల్లో దొరకవు, ఇంజక్షన్లే. 14 రోజులు రోజూ ఇంజక్షన్ చేయించాల్సి వచ్చింది. దేవుడి దయవల్ల నాన్న ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ రెండు ‘ఎస్’ లు కూడా లేకపోతే ఏమయ్యేది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

ఈ బ్యాక్టీరియా ఆపరేషన్ అప్పుడు వచ్చిందా అని డాక్టర్‌ను అడిగాను. “ఆసుపత్రిలో అంటి ఉండొచ్చు, ముందే ఆయన పేగుల్లో ఉండి ఉండొచ్చు. ఇప్పుడు చెప్పలేం” అన్నారు. గొంతు నొప్పి వచ్చిన ప్రతిసారీ నాన్న మెడికల్ షాపులో రెండు రోజుల మాత్రలు తెచ్చుకుని వేసుకునేవారు. అది నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అలవాటు పడేది ఒళ్లు కాదు

“మా వాడి ఒంటికి ఆ మందు అలవాటైపోయింది మేడం, ఇక పని చేయట్లేదు” అని చాలామంది తల్లిదండ్రులు అంటుంటారు. మందుకు తట్టుకోవడం నేర్చుకునేది పిల్లవాడి ఒళ్లు కాదు, లోపలున్న బ్యాక్టీరియా. ఆ నేర్పు దాని జన్యువుల్లో ఉంటుంది. ఒక జన్యువు మందును ముక్కలు చేసే ఎంజైమును తయారు చేయిస్తుంది. ఇంకొకటి లోపలికి వచ్చిన మందును బయటికి తోడేసే పంపును తయారు చేయిస్తుంది. మరొకటి మందు వెళ్లి అతుక్కునే చోటునే మార్చేస్తుంది.

ఇంతవరకే అయితే భయం తక్కువ. ఆ బ్యాక్టీరియా పిల్లలకు మాత్రమే ఆ నేర్పు వచ్చేది. అసలు సమస్య ఏమిటంటే, చాలా బ్యాక్టీరియాలు ఈ జన్యువులను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలో పెట్టుకుంటాయి. రెండు బ్యాక్టీరియాలు సన్నని గొట్టం లాంటి దానితో కలుసుకుని, ఒకటి తన ప్లాస్మిడ్‌కు కాపీ తీసి రెండోదానికి ఇస్తుంది. ఇచ్చినదాని దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నదాని దగ్గరా ఉంటుంది.

క్లాసులో నేను దీన్ని పరీక్ష హాల్లో చీటీతో పోల్చి చెబుతాను. ప్లాస్మిడ్ ఒక చీటీ. దాన్ని అందించడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒకే క్లాసు అయి ఉండనక్కర్లేదు. 8వ తరగతి వాడు 10వ తరగతి వాడికీ ఇవ్వగలడు. అలాగే ఒక జాతి బ్యాక్టీరియా ఇంకో జాతికి ఇవ్వగలదు. ఒకే చీటీలో ఐదారు ప్రశ్నలకు జవాబులు ఉన్నట్టు, ఒకే ప్లాస్మిడ్‌లో ఐదారు మందులను తట్టుకునే జన్యువులు ఉండొచ్చు. ఇక యాంటీబయాటిక్ అంటే ప్రశ్న. ఆ ప్రశ్న అడిగిన రోజు చీటీ ఉన్నవాళ్లే పాసవుతారు, మిగతా అందరూ పోతారు. ఖాళీ అయిన బెంచీలన్నీ చీటీ ఉన్నవాళ్లతో నిండిపోతాయి.

జలుబుకు యాంటీబయాటిక్ వేస్తే జరిగేది ఇదే. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని ఆ మందు ఏమీ చేయలేదు. కానీ పిల్లవాడి పేగుల్లో మేలు చేస్తూ బతికే కోట్లాది బ్యాక్టీరియాకు అనవసరంగా ఆ పరీక్ష పెడుతుంది. చీటీ ఉన్నవి మిగులుతాయి, నెలల తరబడి అక్కడే ఉండిపోవచ్చు.

ఆసుపత్రిలోనే ఎందుకు ఎక్కువ?

ఆసుపత్రిలో ఈ పరీక్ష రోజూ జరుగుతుంది. ఒకే వార్డులో చాలామంది మీద రకరకాల యాంటీబయాటిక్‌లు వాడతారు. రోగులు నీరసంగా ఉంటారు. మూత్రానికి పైపు, సెలైన్ సూది, వెంటిలేటర్ గొట్టం, ఆపరేషన్ గాయం, ఇవన్నీ బ్యాక్టీరియా లోపలికి పోవడానికి దారులు. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి అది ఎక్కువగా చేతుల మీదే ప్రయాణిస్తుంది. ఆ చేతులు నర్సువే కానక్కర్లేదు, చూడటానికి వెళ్లిన మనవీ కావచ్చు.

అలాగని తప్పంతా ఆసుపత్రులదే అనలేం. మనం ఆసుపత్రికి బట్టల సంచితో పాటు పేగుల్లోని బ్యాక్టీరియాను కూడా తీసుకెళ్తాం. ఇంటికి వచ్చేటప్పుడు ఇంకొన్నింటిని తీసుకొస్తాం.

ఇందుకు మన దేశం పేరుతోనే ఒక ఉదాహరణ ఉంది. 2008లో స్వీడన్‌లో ఉంటున్న భారత సంతతి రోగి ఒకరిలో కొత్త జన్యువు బయటపడింది. ఆయన అంతకుముందు న్యూఢిల్లీలో ఆసుపత్రిలో చికిత్స తీసుకున్నారు. అందుకని దానికి ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. అందులోని మొదటి రెండు అక్షరాలు న్యూఢిల్లీవే. ఆ పేరు మీద మన దేశంలో పెద్ద దుమారం రేగింది. ఐసీయూల్లో చివరి ఆశగా వాడే కార్బపెనెమ్ మందులను కూడా ఈ జన్యువు పనికిరాకుండా చేస్తుంది. 2011లో వెలువడిన పరిశోధనలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51లో, కుళాయి నీళ్లు 50 పరీక్షిస్తే 2లో ఈ జన్యువు కనిపించింది. అంటే అప్పటికే అది ఆసుపత్రి గేటు దాటి వీధిలోకి వచ్చేసింది.

రెండు హైదరాబాదుల కథ

చీటీ ఒక జాతి నుంచి ఇంకో జాతికి పోతే ఏమవుతుందో చెప్పే కథ ఇంకొక హైదరాబాద్‌లో జరిగింది. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో కూడా హైదరాబాద్ అనే నగరం ఉంది. 2016 చివర్లో అక్కడ పిల్లలకు వచ్చిన టైఫాయిడ్ మామూలు మందులకు తగ్గలేదు. సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్‌కు కూడా లొంగలేదు. జన్యువులను చదివి చూస్తే, టైఫాయిడ్ బ్యాక్టీరియాలో కొత్త ప్లాస్మిడ్ దొరికింది. అది పేగుల్లో ఉండే ఈ-కోలి లాంటి బ్యాక్టీరియాలో కనిపించే ప్లాస్మిడ్. వైద్యులకు మిగిలిన మాత్ర దాదాపు ఒక్కటే, అజిత్రోమైసిన్. మా క్లాసు పాప సర్దికి పంచబోయిన మాత్ర అదే.

ఆ వ్యాధిని అడ్డుకోవడానికి అక్కడి పిల్లలకు వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసింది. 2019 నవంబరులో పాకిస్తాన్ ఇలాంటి టైఫాయిడ్ టీకాను ప్రభుత్వ టీకాల పట్టికలో చేర్చింది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. టీకా వేసుకుంటే జబ్బు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది, మందు అవసరమూ తగ్గుతుంది. పరీక్షే లేనప్పుడు చీటీకి పనేముంది?

మన పక్కనే

ఇది ఎక్కడో దూరాన జరిగేది అనుకోకండి. మొయినాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గంటలోపే పటాన్‌చెరు వస్తుంది. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. 2011లో అక్కడి ఇసుకవాగు అడుగు మట్టిని పరీక్షిస్తే నిరోధక జన్యువులతో పాటు వాటిని ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మోసే డీఎన్ఏ భాగాలూ పెద్ద మొత్తంలో కనిపించాయి. ఆ వాగులో పరీక్ష రాత్రీ పగలూ నడిచిందన్నమాట.

మనవైపు 111 జీవో అనగానే భూముల ధరలే గుర్తొస్తాయి. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్లలోకి కాలుష్యం రాకూడదని 1996లో ఆ జీవో తెచ్చారు. ఈ చెరువుల పైన ఉన్న ఊళ్లు మనవి. మనం పారబోసింది కిందికి పోతుంది.

కోళ్ల ఫారాలున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఆసుపత్రిలో ఆఖరి మందుల్లో ఒకటైన కోలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడటాన్ని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. కోళ్లు తొందరగా పెరుగుతాయని ఎవరైనా దాణాలో యాంటీబయాటిక్ కలపమంటే దయచేసి వద్దనండి. జబ్బు చేస్తే పశువైద్యులను అడగండి.

ఇంట్లో మనం చేయగలిగినవి

1. ఎర్ర గీత చూడండి. స్ట్రిప్పు మీద నిలువు ఎర్ర గీత ఉంటే అది డాక్టర్ చీటీ లేకుండా వాడకూడని మందు. దీని గురించి కేంద్రం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. పిల్లలకు కూడా ఈ గీత చూపించండి, వాళ్లు మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.

2. యాంటీబయాటిక్ మీరు అడగకండి. ఆర్‌ఎంపీ దగ్గరికో, మెడికల్ షాపుకో వెళ్లి “తొందరగా తగ్గేది ఇవ్వండి, రేపు పరీక్ష ఉంది” అంటే వచ్చేది అదే. డాక్టర్ రాస్తే, “ఇది బ్యాక్టీరియా జ్వరమేనా? కల్చర్ అవసరమా?” అని అడగండి. అలా అడగడం తప్పు కాదు.

3. డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడండి. మధ్యలో ఆపాలనిపిస్తే ఫోన్ చేసి అడిగి ఆపండి. మిగిలింది దాచకండి, అక్క మందు తమ్ముడికి వేయకండి, సింకులో పారబోయకండి.

4. టీకాలు పూర్తి చేయించండి. టైఫాయిడ్ టీకా గురించి మీ పిల్లల డాక్టర్‌ను అడగండి.

5. చేతులు సబ్బుతో కడిగించండి. ఆసుపత్రిలో చుట్టాలను చూడటానికి వెళ్తే చిన్నపిల్లలను తీసుకెళ్లకండి, రోగి మంచం మీద కూర్చోకండి, బయటికి రాగానే చేతులు కడుక్కోండి.

ఇది చదివి అవసరమైన మందు కూడా మానకండి. న్యుమోనియా, టైఫాయిడ్ లాంటి వాటికి యాంటీబయాటిక్ ప్రాణం నిలబెడుతుంది. పిల్లవాడు ఎగశ్వాస పడుతున్నా, ఏమీ తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, జ్వరం మూడు రోజులు దాటినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. అలాంటి రోజు ఆ మందు పని చేయాలంటే మామూలు సర్దికి దాన్ని వాడకూడదు.

చివరగా స్కూలు తరఫున ఒక విన్నపం. పిల్లల బ్యాగులో, బాక్సులో మందులు పెట్టి పంపకండి. స్కూలు వేళలో మందు వేయాల్సి వస్తే, డాక్టర్ చీటీ జిరాక్సుతో పాటు మందును ఆఫీసులో ఇచ్చి, డైరీలో రాసి సంతకం చేయండి. వేళకు మేమే వేయిస్తాం.

ఆ పాప మరుసటి రోజు వచ్చి, “మిస్, మా ఇంట్లో డబ్బాలో ఎర్ర గీతవి నాలుగు స్ట్రిప్పులు ఉన్నాయి” అని చెప్పింది. ఈ ఆదివారం మీ ఇంటి మందుల డబ్బా కూడా పిల్లలతో కలిసి ఒకసారి తెరిచి చూడండి.

– సైన్స్ టీచర్, హైస్కూల్ విభాగం