విరామానంతరం పరుగు: సడలిన ధైర్యాన్ని తిరిగి కూడగట్టుకొనుట

వ్యాయామాలన్నింటిలోను పరుగు మిక్కిలి చౌకయైనది. దీనికి బంతి అక్కరలేదు, వల అక్కరలేదు, జోడీ అక్కరలేదు. అయినను పరీక్షల మూలంగానో జ్వరం మూలంగానో ఒకటి రెండు మాసాలు మానివేసిన విద్యార్థి తిరిగి మొదలుపెట్టుటకు చేసే జాగును చూచినప్పుడు, ఇంత ఖరీదైన వ్యాయామం మరొకటి లేదేమో అనిపిస్తుంది. ఆ ఖరీదును అభిమానంతో చెల్లించవలసి వస్తుంది.

ఈ వ్యాస రచయిత విద్యార్థి దశలో 5,000 మీటర్ల పందెంలో పాల్గొనేవాడు. డిగ్రీ రెండవ సంవత్సరంలో టైఫాయిడ్ వచ్చి తొమ్మిది వారాలు పరుగు మానవలసి వచ్చింది. తిరిగి మైదానానికి వెళ్ళిన నాడు పాత వేగంతోనే బయలుదేరి, రెండవ చుట్టు పూర్తి కాకమునుపే గోడ పట్టుకొని నిలబడ్డాడు. అక్కడ కూర్చున్న ఇద్దరు జూనియర్లు నవ్వారు. వారు దేనికి నవ్వారో నేటికీ తెలియదు. బహుశా వారి కబుర్లకు వారే నవ్వుకొని ఉంటారు. కాని ఆ నవ్వు విన్న తరువాత మరి ఆరు వారాలు అతడు మైదానం వైపు పోలేదు. జ్వరం తొమ్మిది వారాలు తీసుకొన్నది, సిగ్గు ఆరు వారాలు తీసుకొన్నది. ఆనాడు తన శరీరంలో ఏమి జరుగుచున్నదో చెప్పేవారు ఒక్కరున్నా ఆ ఆరు వారాలు మిగిలేవి. ఆ చెప్పవలసిన సంగతినే ఇక్కడ వివరించుటకు ప్రయత్నిస్తాను.

సాధన మానిన కొద్ది దినాలకే రక్తంలోని ప్లాస్మా అనే ద్రవభాగం తగ్గుతుంది. దానితో గుండె ఒక్కొక్క స్పందనలో పంపగల రక్తం తగ్గుతుంది. ఆ లోటును పూడ్చుటకు గుండె వేగంగా కొట్టుకోవలసి వస్తుంది. పూర్వం సునాయాసంగా సాగిన వేగానికే నేడు రొప్పు రావడానికి ముఖ్య కారణమిదే. 1984లో కాయిల్ మొదలైన అమెరికా శాస్త్రజ్ఞులు బాగా ఆరితేరిన వ్యాయామపరులచేత సాధన మాన్పించి పరిశీలించారు. శరీరం గరిష్ఠంగా వినియోగించుకోగల ప్రాణవాయువు 21 దినాలలో 7 శాతం తగ్గింది, 56 దినాలకు 16 శాతం తగ్గి అక్కడ నిలిచింది. అయితే కండరాలలోని కేశనాళికల సాంద్రత తగ్గనేలేదు. ప్రాణవాయువును వినియోగించుకొనుటకు తోడ్పడే ఎంజైములు తగ్గినను, ఎన్నడూ సాధన చేయనివారి కంటె దాదాపు సగం ఎక్కువగానే మిగిలినవి. అనగా మానివేసినవాడు మొదటి మెట్టుకు జారిపోలేదు. అతడు జారినది నడిమి మెట్టుకు. కాని రొప్పుచున్న మనిషికి ఆ తేడా తెలియదు.

ఇంతకంటె కఠినమైన పరీక్ష 1966లో డల్లాస్ నగరంలో జరిగింది. ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం దిగనీయలేదు. వారి సామర్థ్యం సగటున నాల్గవ వంతుకు పైగా పడిపోయింది. తరువాత ఎనిమిది వారాల సాధనతో సగటున పూర్వస్థితిని మించిపోయింది. ముప్పది సంవత్సరాల తరువాత, వారు ఏబది ఏండ్ల వయస్సుకు వచ్చినప్పుడు, ఆ ఐదుగురినే మరల పరీక్షించారు. ముప్పది ఏండ్ల ముదిమి చేసిన నష్టం కంటె ఆనాటి మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. మంచాన్ని గురించి మన పెద్దలకున్న అనుమానం ఊరకే పుట్టినది కాదు.

ఒక్క హెచ్చరిక. రక్తం, గుండె త్వరగా కోలుకొంటాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలు, ఎముకలు మెల్లగా కోలుకొంటాయి. మూడవ వారంలో ఊపిరి కుదుటపడగానే ఉత్సాహం పొంగి వేగం పెంచినవాడే మడమ నొప్పితోనో, మోకాలి క్రింది ఎముక నొప్పితోనో కుంటుతాడు. మొదటి విరామం విధి చేసినది కావచ్చు, ఈ రెండవ విరామం మాత్రం స్వయంకృతం. జ్వరమో, కామెర్లో, కోవిడో వచ్చి తగ్గినవారు వైద్యుని అడిగిన తరువాతనే మొదలుపెట్టవలెను. ఛాతీ నొప్పి, కళ్ళు తిరుగుట కనిపించిననాడు పరుగు ఆపి వైద్యుని చూడవలెను.

ఇక మనస్సు విషయం. ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో స్వసామర్థ్య విశ్వాసాన్ని గురించి ఒక సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఈ పనిని నేను చేయగలను అనే నమ్మకం నాలుగు విధాల కలుగుతుందని ఆయన చెప్పాడు: స్వయంగా సాధించిన అనుభవం, తనవంటివాడు సాధించగా చూచుట, ఇతరుల ప్రోత్సాహ వాక్యం, తన శరీరస్థితిని తాను అర్థం చేసుకొనే తీరు. వీటిలో మొదటిది అన్నిటికంటె బలమైనది. కనుక మొదటి దినం చేయవలసిన పరుగు ఓడిపోవుటకు వీలులేనంత చిన్నదై ఉండవలెను. ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక, ఇట్లు ఇరువది నిమిషాలు, దినం విడిచి దినం చేస్తే చాలు. ప్రక్కవానితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత మెల్లగా సాగవలెను. స్టాప్‌వాచ్ ఇంట్లో ఉంచి రావలెను. పాత నోటుపుస్తకాన్ని, అందులోని పాత కాలాలను పెట్టెలో పెట్టి తాళం వేసి, క్రొత్త పుస్తకంలో మొదటి పేజీ ప్రారంభించడం మేలు. గుండె దడను అర్థం చేసుకొనే తీరు కూడ ఇందులోనిదే. అది ‘నా పని అయిపోయినది’ అనే చాటింపు కాదనీ, ప్లాస్మా లోటు అనీ తెలిసినవానికి సగం భయం తగ్గుతుంది.

ప్రోత్సాహ వాక్యాన్ని చులకన చేయరాదు. డచ్చి పరుగుల రాణి ఫానీ బ్లాంకర్స్ కోయెన్ 1936లో ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. యుద్ధం వల్ల 1940, 1944 క్రీడలు జరుగలేదు. 1948లో, ముప్పది ఏండ్ల వయస్సులో, ఇద్దరు బిడ్డల తల్లిగా లండన్ వచ్చి, రెండు స్వర్ణాలు గెలిచిన తరువాత ఇంటిపై బెంగతో పోటీ విడిచిపోతానని ఏడ్చింది. శిక్షకుడైన భర్త నచ్చజెప్పి నిలిపాడు. మొత్తం నాలుగు స్వర్ణాలతో ఇంటికి వెళ్ళింది. మన పి.టి. ఉష 1990 తరువాత పరుగు మాని, తిరిగి వచ్చి, 1998లో ఫుకువోకాలో జరిగిన ఆసియా పోటీలలో 34 ఏండ్ల వయస్సున 200, 400 మీటర్లలో కాంస్య పతకాలు పొందింది. పరుగు మానిన చెల్లెలికి గాని తమ్మునికి గాని ఈ రెండు కథలు చెప్పండి, ‘ఇంకా రొప్పుతున్నావేం?’ అని మాత్రం అడుగకండి.

ఉత్సాహం పుట్టిన తరువాత పరుగెత్తుదామని కాచుకొని కూర్చున్నవారిని చాలమందిని చూచాను. వారిలో ఎక్కువమంది ఇంకా కూర్చొనే ఉన్నారు. హాస్టలుకు పాలు వచ్చే వేళకు బూట్లు తొడుగుకొనవలెనని నియమం పెట్టుకొన్న విద్యార్థికి ఉత్సాహంతో పని తక్కువ. బయలుదేరిన పది నిమిషాలకు ఉత్సాహం వెనుకనే వస్తుంది. రాకపోయినను ఇరువది నిమిషాలు పూర్తవుతాయి.

మన ప్రాంతంలో మరియొక చిక్కున్నది. వార్షిక పరీక్షలు ముగిసి విద్యార్థి మైదానానికి తిరిగి వచ్చే కాలం సరిగా ఎండలు ముదిరే కాలం. ఎండకు ఓర్చుకొనే శక్తి కూడ విరామంలో కొన్ని వారాలకే సడలిపోతుంది. అది తిరిగి కుదిరేందుకు పది పదునాలుగు దినాలు పడుతుంది. ఏప్రిల్ మాసంలో ఉదయం ఎనిమిది గంటలకు పరుగు మొదలుపెట్టి, రొప్పి, ‘నావల్ల కాదు’ అని ఇంటికి పోయిన విద్యార్థి తన కాళ్ళను నిందించుకొంటాడు గాని సూర్యుని నిందించడు. నిరుడు ఒక విద్యార్థిని మైదానం ద్వారం తెరిచేవరకు బయట నిలబడి, ఎండ ఎక్కగా చూచి, బూట్ల సంచితో వెనుకకు పోవడం నేను రెండు పర్యాయాలు చూచాను. మూడవ పర్యాయం ఆమె రాలేదు. వేసవి మాసాలలో ద్వారాన్ని ఉదయం ఐదున్నర గంటలకే తెరిపించవలెననీ, ఆడపిల్లల కొరకు ఆ వేళ ఒక అధ్యాపకురాలు అక్కడ ఉండే ఏర్పాటు చేయవలెననీ కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా మనవి చేస్తున్నాను.