మెట్టుకూ మెట్టుకూ మధ్య

మూగ్ నుంచి మాడ్యులర్ దాకా... సింథసైజర్ల కథను మన చెవితో వింటే

తోడి రాగంలో గాంధారాన్ని హార్మోనియం మీద వాయించమనండి. వాయించేవారు ఎంత విద్వాంసులైనా మెట్టు నొక్కగానే వచ్చేది కదలకుండా నిలబడే ఒక్క స్వరమే. తోడి గాంధారం అలా నిలబడేది కాదు. అటు రిషభాన్నీ ఇటు మధ్యమాన్నీ తాకుతూ ఊగుతుంది. గమకమనే ఆ ఊపు లేకపోతే అది తోడి గాంధారమే కాదు. గాత్రంలో, వీణలో, వయొలిన్‌లో నిండుగా వినిపించే ఆ కదలికకు హార్మోనియం మెట్ల మధ్య చోటు లేదు.

ఆలిండియా రేడియో 1940 మార్చి 1 నుంచి హార్మోనియాన్ని స్టూడియోల్లోకి రానివ్వకపోవడానికి చెప్పిన ప్రధాన కారణం ఇదే. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే కాలంలో మన పద్యనాటకానికి హార్మోనియమే ఊపిరి. హార్మోనిస్టు శ్రుతి అందిస్తే తప్ప కృష్ణుడు పద్యం ఎత్తుకునేవాడు కాదు. మరోపక్క అదే పడమటి దేశాల నుంచి వచ్చిన వయొలిన్‌కు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది అచ్చంగా మన వాద్యమైపోయింది. వయొలిన్‌కు మెట్లు లేవు, వేలు ఎక్కడికైనా జారుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

సింథసైజర్ల చరిత్రను పాశ్చాత్యులు కొత్త శబ్దాల చరిత్రగా రాసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ గమకానికి అలవాటుపడిన చెవితో వింటే అందులో ఇంకో కథ వినిపిస్తుంది. ఒక స్వరం నుంచి మరో స్వరానికి వెళ్లే దారి కోసం యంత్రం చేసిన వెతుకులాట అది. నాకు ఈ యంత్రాల మీద ఇంత ప్రేమ ఉండటానికి కారణం ఆ వెతుకులాటే.

వోల్టుకో స్థాయి

రాబర్ట్ మూగ్ సింథసైజర్ల కంటే ముందు థెరిమిన్లు చేశారు. న్యూయార్క్‌లో బడికి వెళ్లే వయసులోనే పట్టిన సరదా అది. థెరిమిన్ 1920 ప్రాంతంలో రష్యాలో పుట్టిన వాద్యం. తీగల్లేవు, మెట్లూ లేవు. యాంటెన్నాల దగ్గర గాలిలో చేతులు కదుపుతుంటే స్వరం పైకీ కిందికీ పాకుతుంది. జారడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం, ఒకచోట నిలపడమే కష్టం. మూగ్ తరవాత చేసిన యంత్రాల్లో ఆ జారుడు అడుగునే ఉండిపోయిందని నా నమ్మకం.

1964లో స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి ఆయన తయారుచేసిన మాడ్యులర్ సింథసైజర్‌లో ఒక్కో పనికి ఒక్కో పెట్టె. ఆసిలేటర్ శబ్దాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ అందులోంచి కొంత తీసేసి ఛాయ మారుస్తుంది. ఎన్వలప్ అనేది ఆ శబ్దం ఎలా మొదలై, ఎలా నిలిచి, ఎలా ఆగిపోవాలో చెబుతుంది. వీటిని ప్యాచ్ కార్డులనే తీగలతో వాయించేవాళ్లే కలుపుకోవాలి. ఒక పెట్టె మరో పెట్టెకు ఆజ్ఞలిచ్చేది వోల్టేజి ద్వారా. ఒక్క వోల్టు పెరిగితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకెక్కుతుంది. మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి ఒక వోల్టు దూరమన్నమాట. ఆ లెక్కన స్వరస్థానానికీ స్వరస్థానానికీ మధ్య వోల్టులో పన్నెండో వంతు. ఆ పన్నెండో వంతులో ఎక్కడైనా ఆగవచ్చు, ఎంత నెమ్మదిగానైనా పాకవచ్చు. వోల్టేజి ఏటవాలు దారిలాంటిది, దానికి మెట్లుండవు. మెట్లున్నది ముందు బిగించిన పియానో పలకకే.

ఈ సంగతి కాలిఫోర్నియాలో డాన్ బుక్లా అందరికంటే గట్టిగా పట్టించుకున్నారు. మూగ్ పనిచేస్తున్న రోజుల్లోనే ఆయనా సింథసైజర్ చేశారు గానీ నలుపు తెలుపు మెట్లు పెట్టనన్నారు. వాటి బదులు వేలితో తాకే లోహపు పలకలు అమర్చారు. బజారు మాత్రం మూగ్ వైపే మొగ్గింది. 1968లో వెండీ కార్లోస్ బాఖ్ రచనలను మూగ్ మీద ఒక్కో వరసగా వాయించి, టేపు మీద పేర్చి తెచ్చిన 'స్విచ్డ్-ఆన్ బాఖ్' రికార్డుతో సింథసైజర్ అంటే కీబోర్డే అన్న అభిప్రాయం ప్రపంచమంతా స్థిరపడిపోయింది.

అహ్మదాబాద్‌లో మూగ్

ఆ మరుసటి ఏడాదే, 1969లో, ఒక మూగ్ యంత్రం అహ్మదాబాద్ చేరింది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ స్టూడియో ఏర్పాటు చేసి, అక్కడివారికి దానితో పని నేర్పారు. ఈ ప్రయత్నం వెనక ఉన్న గీతా సారాభాయ్ పఖావజ్ వాయించిన విదుషి. 1946లో న్యూయార్క్ వెళ్లినప్పుడు అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటూ, బదులుగా ఆయనకు భారతీయ సంగీతం నేర్పారు. అంటే అహ్మదాబాద్‌కు ఆ యంత్రం రావడానికి రెండు దశాబ్దాల ముందే దారి పడింది.

గీతా సారాభాయ్‌తో పాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఆ స్టూడియోలో పనిచేశారు. 1972 దాకా చేసిన టేపులు ఆ సంస్థ భాండాగారంలోనే ఉండిపోయాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెతికి పట్టుకుని పరిశోధించాక 2023లో 'ది ఎన్ఐడీ టేప్స్' పేరిట ఆల్బమ్‌గా వచ్చాయి. విని చూడండి. కొన్నిచోట్ల పక్షుల కిలకిలలా, కొన్నిచోట్ల అంతరిక్ష నౌకలా వినిపించే ఆ ధ్వనుల్లో ఎవరినో అనుకరించాలన్న తపన కనబడదు. ప్రపంచంలో చాలా దేశాలకు ఇలాంటి స్టూడియో లేని రోజుల్లో మనకు ఉంది. మూడేళ్లు తిరిగేసరికి ఆ పని ఆగిపోయింది. ఒక్క తరం విద్యార్థులైనా పూర్తిగా ఆ గదిలో నేర్చుకుని ఉంటే ఏమయ్యేదోనన్న బాధ నన్ను వదలదు.

ఎడమచేతి గమకం

1970లో వచ్చిన మినీమూగ్ ఆ తీగల అడవినంతా ఒక చిన్న పెట్టెలోకి సర్దేసింది. ప్యాచ్ కార్డులు అక్కర్లేదు, భుజాన వేసుకుని కచేరీకి వెళ్లొచ్చు. దాని ఎడమ వైపు రెండు చక్రాలున్నాయి. ఒకటి తిప్పితే మోగుతున్న స్వరం పైకో కిందికో వంగుతుంది. అదే పిచ్ వీల్. ఆ తరవాత వచ్చిన లెక్కలేనన్ని కీబోర్డులకు అదే నమూనా.

కుడిచేయి మెట్టు నొక్కుతుంది, ఎడమచేయి స్వరాన్ని వంచుతుంది. వీణ తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. అక్కడా మీటేది కుడిచేయి, తీగను పక్కకు లాగి గమకం పలికించేది ఎడమచేయి. కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేస్తున్న కె. సత్యనారాయణన్ వాయిస్తుంటే ఆయన కుడిచేతిని కాదు, ఎడమచేతిని చూడండి. రాగం అక్కడుంటుంది.

1977లో యమహా తెచ్చిన సీఎస్-80 ఇంకో అడుగు వేసింది. దాని బరువు దాదాపు 100 కిలోలు. ఏ మెట్టును ఎంత గట్టిగా అదిమితే ఆ మెట్టు స్వరం ఒక్కటే ఆ మేరకు మారుతుంది. మెట్ల పైన వేలితో రాస్తే స్వరం జారే రిబ్బన్ కూడా ఉంది. 'బ్లేడ్ రన్నర్' సినిమాకు వాంజెలిస్ ఇచ్చిన సంగీతంలో వినబడేది ఈ యంత్రమే.

పాత యంత్రాల గురించి ఒక మాట. ఈ తరం సింథసైజర్లలో ఆసిలేటర్లు వేడెక్కేకొద్దీ శ్రుతి కదులుతుంది. వాయించే ముందు కాసేపు ఆన్ చేసి ఉంచి, శ్రుతి సరిచేసుకోవాలి. దీన్ని లోపమన్నారు ఇంజినీర్లు. తంబురా శ్రుతి చేసుకోకుండా పాట మొదలుపెట్టని మనకు అది ఏం లోపం?

స్వరం అంకె అయింది

1983లో అమెరికా, జపాన్ కంపెనీలు కలిసి మిడి అనే ఒప్పందానికి వచ్చాయి. సీక్వెన్షియల్ అధినేత డేవ్ స్మిత్, రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి దీనికి ఆద్యులు. ఏ కంపెనీ యంత్రమైనా మరో కంపెనీ యంత్రంతో, కంప్యూటర్‌తో మాట్లాడగలిగే భాష దొరికింది. అందులో ప్రతి స్వరానికీ 0 నుంచి 127 దాకా ఒక అంకె. మెట్టు నొక్కారు, మెట్టు వదిలారు... సంగీతమంటే ప్రధానంగా ఈ రెండు కబుర్లే. అదే ఏడాది యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతితో గంటలూ, ఎలక్ట్రిక్ పియానోలూ అద్దంలా పలికించింది. నాబ్‌లు పోయి బటన్లు వచ్చాయి.

ఎలక్ట్రానిక్ కీబోర్డు మన సినిమాకు అప్పటికే పాతది. 1954 నాటి హిందీ 'నాగిన్'లో పాములవాడి నాగస్వరంగా దేశమంతా విన్నది కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్‌నే. కానీ మిడి వచ్చాక మద్రాసు స్టూడియోల తీరే మారింది. పెద్ద వాద్యబృందం చేసే పనిలో చాలా భాగం ఒక్క ప్రోగ్రామర్ చేతికి వచ్చింది. సంగీత దర్శకులు రాజ్-కోటి పాటలకు కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు తరవాత ఎ.ఆర్. రెహమాన్‌గా మనముందుకొచ్చారు. మిడి లేకుండా ఆ తరం సంగీతం లేదు, ఆ మేలు కాదనలేం. అయితే దానితో పాటు హార్మోనియం మెట్లు మళ్లీ వచ్చి కూర్చున్నాయి, ఈసారి అంకెల రూపంలో. మిడిలోనూ పిచ్ వీల్ ఉంది, 16,384 అంచెలతో చాలా సున్నితంగా వంగుతుంది. కానీ అది ఒక చానెల్‌లో, అంటే కబుర్లు వెళ్లే ఒకే దారిలో, మోగుతున్న స్వరాలన్నిటినీ ఒకేసారి వంచేస్తుంది. షడ్జ పంచమాలను నిలిపి ఉంచి గాంధారాన్ని మాత్రం ఊపడం కుదరదు.

పది రాగాలు, ఒక డిస్కో

మిడికి ఏడాది ముందు, 1982లో, బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ మూడు రోలాండ్ యంత్రాలు ముందు పెట్టుకుని హెచ్ఎంవీకి ఒక రికార్డు చేశారు. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. రాగం వాయించడానికి జూపిటర్-8, తాళానికి టీఆర్-808, కింద మంద్రంలో నడవడానికి టీబీ-303.

ఈ 303 గురించి చెప్పాలి. బేస్ గిటార్ వాయించే తోడు లేనివారి కోసం తదావో కికుమోతో రూపొందించిన చిన్న వెండిరంగు పెట్టె అది. బేస్ గిటార్‌లా ఏమాత్రం వినిపించలేదు. జనం కొనలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. కానీ స్వరాల వరసను గుర్తుంచుకుని వాయించే దాని సీక్వెన్సర్‌లో ప్రతి స్వరానికీ 'స్లైడ్' పెట్టే వీలుంది. ఆ స్వరం విడిగా మోగకుండా పక్క స్వరంలోకి జారుతుంది. రాగం తెలిసిన మనిషి చేతికి ఆ స్లైడ్ దొరికితే ఏం చేస్తాడు? చరణ్‌జిత్ సింగ్ చేసింది అదే. భూపాలి, యమన్, మాల్కౌంస్... మన మోహన, కల్యాణి, హిందోళాలకు దగ్గరి చుట్టాలు. కింద ఆ జారుడు స్వరాలు మెలికలు తిరుగుతుంటే పైన రాగం పరుగెత్తుతుంది.

రికార్డు ఎవరి చెవినా పడలేదు. 1987లో షికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే 303 నాబ్‌లు తిప్పుతూ చేసిన 'యాసిడ్ ట్రాక్స్' నుంచి యాసిడ్ హౌస్ అనే నృత్య సంగీతం పుట్టింది. 2010లో చరణ్‌జిత్ సింగ్ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు విన్నవాళ్లు ఆశ్చర్యపోయారు, ఐదేళ్ల ముందే బొంబాయిలో ఇది ఎలా సాధ్యమైందని. యాసిడ్ హౌస్‌కు ఆయన ఆద్యుడని కొందరు రాశారు. నాకు ఆ బిరుదు అక్కర్లేదనిపిస్తుంది. షికాగోవాళ్లు ఆయన్ని విని చేసింది కాదది. ఆయన చేసింది రాగమే, రాగానికి కావలసినది ఆ పెట్టెలో ఉందని చెవి గుర్తుపట్టింది. 2015లో ఆయన కన్నుమూశారు.

మళ్లీ తీగలు

1990ల నడుమ జర్మనీలో డీటర్ డోప్ఫర్ ఏ-100 పేరుతో యూరోర్యాక్ పద్ధతి మొదలుపెట్టారు. చిన్న మాడ్యూళ్లు, 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు, మళ్లీ అదే వోల్టుకో స్థాయి. ఇప్పుడు ప్రపంచం నలుమూలలా చిన్న చిన్న తయారీదారులు వేలకొద్దీ మాడ్యూళ్లు చేస్తున్నారు. కోర్గ్ తన 1978 నాటి ఎంఎస్-20ను 2013లో చిన్న రూపంలో తిరిగి తెచ్చింది. పాత మినీమూగ్ ఇవాళ లక్షలు పలుకుతుంటే, దాని నకళ్లు చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. నకలు కొన్నామని సిగ్గుపడక్కర్లేదు. అల్మారాలో అలంకారంగా ఉన్న అసలు కంటే రోజూ మోగే నకలు మేలు.

కొత్త యంత్రాలు కొన్ని స్వరస్థానాల శ్రుతిని మనకిష్టమైనట్టు మార్చుకోనిస్తాయి. దాంతో ఇరవై రెండు శ్రుతులూ పెట్టేసుకుంటే రాగం వచ్చేస్తుందనుకునేవారున్నారు. రాదు. గాంధారాన్ని ఎంత కచ్చితంగా కొలిచి నిలబెట్టినా నిలబడే గాంధారమే అవుతుంది. కావలసింది ప్రయాణం.

ఆ ప్రయాణం కోసమే లిప్పోల్డ్ హాకెన్ కంటిన్యువం చేశారు. మెట్లే లేని మెత్తని పరుపు మీద వేలు జారుతుంది. రెహమాన్ 'ఢిల్లీ-6' పాట 'రెహనా తూ' చివర్లో వినిపించేది అదే. 2018లో మిడి కూడా మారింది. ఎంపీఈ అనే చేర్పుతో ఒక్కో వేలికి ఒక్కో చానెల్ దక్కి, ఒక్కో స్వరం విడిగా వంగుతోంది. ఇక శ్రుతి సంగతికొస్తే, 1979లో బెంగళూరు ఇంజినీరు, వేణువు విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబురా చేశారు. సంగీతం నేర్చుకునే తెలుగిళ్లలో పొద్దున్నే మోగే ఆ పెట్టె కూడా సింథసైజరే.

పిల్లలకు కీబోర్డు కొనబోయేవారు అందులో ఎన్ని వందల శబ్దాలున్నాయో లెక్కపెట్టకండి. పిచ్ వీల్ ఉందో లేదో చూడండి. చవకరకాల్లో చాలావాటికి ఉండదు. ఉంటే, మామూలుగా రెండు స్వరస్థానాల దూరమే వంగేలా పెట్టి ఇస్తారు. ఆ పరిధి పెంచుకునే వీలుందేమో అడగండి. ఒక మెట్టు స్వరం నుంచి మరో మెట్టు స్వరానికి జారనిచ్చే పోర్టమెంటో ఉందేమో కూడా అడగండి. కొన్నాక మొదటి నెల పాటల జోలికి పోకుండా ఒకే మెట్టు నొక్కి ఉంచి, ఎడమచేత్తో చక్రం తిప్పుతూ ఆ ఒక్క స్వరాన్నే గురువుగారి గొంతుతో కలపమనండి.