రాలు చుక్కల చిత్రలేఖనము

హైదరాబాదు పాతబస్తీకి నక్షత్రవిద్యతో గల బాంధవ్యము చిరకాలమైనది. నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ గ్రబ్ సంస్థవారు నిర్మించిన 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండయందు ఒక వేధశాలను నెలకొల్పి, దానికి నిజామియా అను పేరు పెట్టించెను. ఆయన 1907లో గతించిన పిమ్మట బేగంపేటకు తరలిన ఆ వేధశాల, అనేక దేశములు పంచుకొని చేపట్టిన మహానక్షత్రపట నిర్మాణములో దక్షిణ క్రాంతి 17 మొదలు 23 డిగ్రీల వరకు గల ఆకాశఖండమును తన వంతుగా స్వీకరించి, లక్షలాది తారల స్థానములను ఛాయాచిత్ర ఫలకములపై కొలిచి ప్రకటించినది. అయితే ఫలకము నిలుకడగల నక్షత్రమునకు సాక్షియే కాని, ఎప్పుడు, ఎచ్చట మెరయునో తెలియక, ఒక్క క్షణము వెలిగి ఆరిపోవు ఉల్కకు అంతటి సాక్షి కాలేదు. అందుచేతనే ఉస్మానియా కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండిన మహమ్మద్ అబ్దుర్ రహమాన్ ఖాన్ వంటి విద్వాంసులు ఈ నగరమునుండి ఉల్కలను స్వయముగా పరిశీలించి, తాము చూచినదానిని విదేశ శాస్త్రపత్రికలకు వ్రాసి పంపిరి.

కంటితో ఉల్కలను పరిశీలించువాని పని ఎట్టిదో ఆలోచింపుడు. ఉల్క మెరసినంతనే అది ఏ తారకడ మొదలై ఏ తారకడ ముగిసినదో మనస్సున నిలుపుకొని, ఆ మార్గమును నక్షత్రపటముపై పెన్సిలుతో గీతగా గీయవలెను. అనగా ఉల్కాశాస్త్రమునకు తొలి పరికరము చిత్రలేఖనమే. ఉల్కాపాతమును నీటిరంగులలో గాని, తైలవర్ణములలో గాని చిత్రింపగోరువారు ఈ సంగతిని మరువరాదు. శాస్త్రమునకు లోబడుటవలన చిత్రమునకు సొగసు తగ్గునని పలువురు తలచుచున్నారు కాని, ఉల్కాపాతపు సొగసు ఆ శాస్త్రనియమముననే ఉన్నదని నా దృఢవిశ్వాసము.

ఆ నియమమేదో చూతము. ధూమకేతువులు సూర్యుని చుట్టివచ్చునపుడు తమ మార్గము పొడవునా ధూళిని విడిచిపోవును. భూమి ఏటేట అదే తేదీలలో ఆ ధూళిప్రవాహమును దాటునపుడు, ఇసుకరేణువు మొదలు బఠాణిగింజ వరకు గల కణములు వాయుమండలమున ప్రవేశించి, గాలి అణువులతో ఢీకొని ఆవిరియై, సుమారు 80 మొదలు 120 కిలోమీటర్ల ఎత్తున వెలుగును. ఆగస్టు నడుమ వచ్చు పెర్సియడ్ ఉల్కలు సెకనుకు 59 కిలోమీటర్ల వేగమున వచ్చునుగాని, వర్షాకాలపు మేఘములు వానిని మనకు తరచుగా మరుగుపరచును. నిర్మలమైన ఆకాశముండు డిసెంబరు 13, 14 తేదీల రాత్రులందు మిథునరాశి నుండి వచ్చు జెమినిడ్ ఉల్కలే తెలుగువారి కన్నులకు పండుగ. వీని మూలము ధూమకేతువు గాక, 1983లో కనుగొనబడిన ఫేథాన్ అను శిలామయ గ్రహశకలమగుట విశేషము. వీని వేగము సెకనుకు 35 కిలోమీటర్లు మాత్రమే కనుక కంటికి నిదానముగా అందును.

ఒకే ప్రవాహమునకు చెందిన కణములన్నియు సమాంతరముగా పయనించును. రైలుపట్టాలు దూరమున కలిసినట్లు కనబడు విధముననే, ఈ సమాంతరమార్గములను వెనుకకు పొడిగించినచో అవి ఆకాశమున ఒక్క బిందువుకడ కలిసినట్లు తోచును. దానిని ఉద్గమబిందువు అందురు. 1833 నవంబరు 13 తెల్లవారుజామున ఉత్తర అమెరికా ఆకాశమున అసంఖ్యాకముగా ఉల్కలు కురిసినపుడు, యేల్ కళాశాల ఆచార్యుడు డెనిసన్ ఓల్మ్‌స్టెడ్ పలుచోట్ల వారి వృత్తాంతములను సేకరించి, ఆ బిందువు సింహరాశియందున్నదనియు, ఆకాశము తిరిగినకొలది అది తారలతో కూడ కదలినదనియు కనుగొనెను. ఉల్క భూమికి సంబంధించిన మెరుపువంటిదే అయినచో ఆ బిందువు భూమిని అంటిపెట్టుకొని ఉండవలెను. తారలతో తిరిగినది కనుక ఉల్కలు భూమికి వెలుపలి నుండి వచ్చునని తేలినది. ఆ రాత్రిని కన్నులార చూచిన వాగనర్ అనువాడు చెప్పిన వర్ణనను ఆధారముగా గొని కార్ల్ యౌస్లిన్ అను స్విస్ చిత్రకారుడు రచించిన చిత్రమును, 1889లో అడాల్ఫ్ వొల్మీ ముద్రణకై చెక్కెను. ఉల్కాపాతమనగానే లోకమునకు నేటికిని జ్ఞప్తికి వచ్చునది ఆ చిత్రమే.

ఇక చార్మినారు నేపథ్యముగా మన చిత్రమును రచింతము. 1591లో వెలసిన ఆ కట్టడపు నాలుగు కమానులు నాలుగు దిక్కులను చూచుచుండుటచే చిత్రకారునికి దిక్కుల లెక్క సులభము. కట్టడమునకు పడమరనున్న లాడ్ బజారు వైపునుండి తూర్పుముఖముగా చూచినచో, డిసెంబరు నడుమ రాత్రి తొమ్మిదిన్నర వేళ, పునర్వసు తారలలో ఒకటైన క్యాస్టర్ చెంతనుండు ఉద్గమబిందువు, తూర్పునకు ఎడమగా సుమారు 30 డిగ్రీల దూరమున, దిగంతమునకు 25 డిగ్రీల ఎత్తున ఉండును. ఓరియను రాశి అంతకంటె ఎత్తున, కుడివైపునకు ఒరిగి ఉండును. ఈ సమయమున ఉల్కలలో అనేకము క్రిందికి రాలవు. ఉద్గమబిందువునుండి పైకిని, ప్రక్కలకును ఎగసి, నడినెత్తి మీదుగా దీర్ఘముగా సాగిపోవును. అన్ని ఉల్కలను వానచినుకులవలె క్రిందికే గీయుట చిత్రకారులు సామాన్యముగా చేయు పొరపాటు. రాత్రి రెండు గంటలు దాటునప్పటికి ఆ బిందువు ఉత్తరపుటాకాశమున సుమారు 75 డిగ్రీల ఎత్తునకు చేరును. అప్పుడు ఏ దిక్కు చూచినను ఉల్కలు దిగంతమువైపే జారును. కట్టడమొక్కటే అయినను ఈ రెండు వేళల చిత్రరచనలు వేర్వేరు.

ఉద్గమబిందువుకు సమీపమున ఉల్కలు మనవైపే వచ్చుచుండుటచే వాని గీతలు పొట్టిగాను, దూరమైనకొలది పొడవుగాను ఉండవలెను. 25 డిగ్రీల ఎత్తున మినారు చెంతనే మెరసినదనిపించు ఉల్క, నిజమునకు ఏటూరునాగారపు అడవులమీది ఆకాశమున వెలిగినది. కావున దాని గీత మినారు వెనుకనుండి పోవలెనేగాని ముందునుండి పోరాదు. గీత అంతటను ఒకే మందమున ఉండక, సన్నగా మొదలై, క్రమముగా వెలుగు హెచ్చి, తుదకు త్వరగా ఆరిపోవలెను. రంగు విషయమున మితము అవసరము. సోడియము నారింజ కలిసిన పసుపును, మెగ్నీషియము ఆకుపచ్చనను, కాల్షియము ఊదారంగును ఇచ్చునుగాని, మసకవెలుగున వర్ణములను గుర్తింపలేని మన కన్నులకు మిక్కిలి కాంతిమంతములైన ఉల్కలలోనే ఈ వర్ణభేదము తెలియును, తక్కినవి తెల్లనివే.

ఇంకొక చిక్కు గలదు. నిర్మలమైన చీకటిలో, అత్యుత్తమ పరిస్థితులలో సయితము జెమినిడ్ ఉల్కలు గంటకు 150కి మించి సామాన్యముగా కనబడవు. చిత్రమున 50 ఉల్కలను చూపినచో, అది కనీసము ఇరువది నిమిషముల ఆకాశమును ఒక్క పటమున కూర్చినట్లు. అంతలో నక్షత్రమండలము సుమారు 5 డిగ్రీలు తిరిగిపోవును. కాబట్టి తారలను ఒక్క క్షణమున నిలిపి, ప్రతి ఉల్కను కట్టడమును బట్టి గాక, అది మెరసిన తారలను బట్టి అమర్చవలెను. పాతబస్తీ దీపకాంతిలో ప్రకాశవంతమైన ఉల్కలు మాత్రమే అగపడును గనుక, వికారాబాదు అనంతగిరి వంటి చీకటి చోటికి పోయి, కన్నులు చీకటికి అలవడుటకు అరగంట ఓపికపట్టి, అచ్చట ఆకాశపు రేఖాచిత్రమును గీసికొనవచ్చును. డెబ్బది ఎనుబది కిలోమీటర్ల దూరమువలన తారల ఎత్తులలో కలుగు భేదము ఒక డిగ్రీకి లోపే కనుక, ఆ ఆకాశమును చార్మినారుపై నిలుపుటలో అసత్యమేమియు లేదు. ఆకాశమునకు కేవలము నలుపు వాడక, గాఢమైన అల్ట్రామెరీన్ నీలమున కొంచెము అంబర్ గోధుమవర్ణమును కలిపి, నడినెత్తిని మిక్కిలి చిక్కగాను, దిగంతమున దీపముల ధూసరకాంతిని పలుచగాను దిద్దవలెను.

ఇట్లు రచించిన చిత్రమును ఎవరైనను పరీక్షింపవచ్చును. ఒక స్కేలును ప్రతి ఉల్కాగీతపై ఆనించి వెనుకకు పొడిగించి చూడుడు. ఆ గీతలన్నియు పునర్వసు చెంత కలిసినచో, భూమి ఒక ధూళిప్రవాహమును దాటుచున్నదను సత్యమును ఆ చిత్రము తనంతట తానే చెప్పును. కలియనిచో అది గోడకు అలంకారము మాత్రమే. మన పాఠశాలలలో చిత్రలేఖనము నేర్పువారును, విజ్ఞానము బోధించువారును ఒక్క డిసెంబరు రాత్రి పిల్లలతో కూడ ఆరుబయట కూర్చుండి ఈ పరీక్షకు నిలుచు పటమొకటి గీయించినచో, అది ఆ రెండు విద్యలకును ఒకేసారి మేలు చేయును.