పాట వాళ్లది... టేపు అందరిది!

కచేరీలను అభిమానులే రికార్డు చేశారు. పైసా తీసుకోకుండా ఒకరికొకరు పంచుకున్నారు. బ్యాండ్ కాదనలేదు సరికదా, హాల్లో వాళ్లకో చోటు కూడా కేటాయించింది. 'గ్రేట్‌ఫుల్ డెడ్' అభిమానుల కథ ఇది.

సినిమా హాల్లో ఎవరైనా కెమెరా తీసి తెరవైపు పెడితే ఏమవుతుంది? బయటికి పంపేస్తారు. రాక్ కచేరీల్లోనూ చాలాచోట్ల అదే పద్ధతి. టేప్‌రికార్డరు కనిపిస్తే గేటు దగ్గరే ఆపేసేవారు. అలాంటిది అమెరికాలో ఓ బ్యాండ్ మాత్రం 'రికార్డు చేసుకునేవాళ్లు ఇటు రండి' అంటూ విడిగా టికెట్లే అమ్మింది!

ఆ బ్యాండే గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలో పుట్టింది. జెర్రీ గార్సియా, బాబ్ వియర్, ఫిల్ లెష్, బిల్ క్రూట్జ్‌మన్, రాన్ మెకర్నన్... తొలి రోజుల్లో ఈ అయిదుగురూ సభ్యులు. తర్వాత చేరిన డ్రమ్మర్ మికీ హార్ట్ మన సంగీతానికి దగ్గరివాడే. జాకిర్ హుస్సేన్ లాంటి విద్వాంసులతో కలిసి అతను చేసిన 'ప్లానెట్ డ్రమ్' ఆల్బమ్‌కి గ్రామీ అవార్డు వచ్చింది. 30 ఏళ్లలో ఈ బృందం 2,300కు పైగా కచేరీలు చేసింది. వీరాభిమానులకు 'డెడ్‌హెడ్స్' అని పేరు.

ఏ రోజు పాట ఆ రోజుదే!

ఒక బ్యాండ్ పాటలు కావాలంటే ఆల్బమ్ కొనుక్కుంటే సరిపోతుంది కదా, ఇన్ని టేపులెందుకు? ఎందుకంటే ఈ బృందం ఏ రోజు ఏం పాడుతుందో ముందే రాసిపెట్టుకునేది కాదు. మన కర్ణాటక కచేరీలో మనోధర్మం లాగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయేది. ఒక ఊళ్లో పది నిమిషాల్లో ముగిసిన పాట మరో ఊళ్లో అరగంట సాగేది. కాబట్టి అభిమానికి ప్రతి కచేరీ ఓ కొత్త ఆల్బమే. ఆ రాత్రి ఎవరూ పట్టుకోకపోతే గాలిలో కలిసిపోయినట్టే!

అందుకే మైకులు పట్టుకుని బయల్దేరారు 'టేపర్లు'. ఎత్తయిన కర్రలకు మైకులు కట్టి హాలు మధ్యలో నిలబెట్టేవారు. రానురానూ ఆ కర్రలు ఎంత పెరిగాయంటే, శబ్దాన్ని సరిచేసే ఇంజినీరుకి వేదికే కనిపించని పరిస్థితి! వేరే బ్యాండ్ అయితే నిషేధం పెట్టేదేమో. వీళ్లు మాత్రం 1984 అక్టోబరు నుంచి ఇంజినీరు వెనక టేపర్లకు ప్రత్యేక స్థలం ఇచ్చారు. టేపులు అమ్మకూడదన్నదే ముఖ్యమైన షరతు. గార్సియాకి వాళ్ల బాధ తెలుసు మరి. 1964లో అతనూ టేప్‌రికార్డరు పట్టుకుని బ్లూగ్రాస్ జానపద సంగీత కచేరీల చుట్టూ తిరిగినవాడే!

పోస్టులో వచ్చే పాటలు

కొత్తగా చేరిన అభిమాని దగ్గర మార్చుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటివాళ్లు ఖాళీ క్యాసెట్లూ, తిరుగు పోస్టేజీకి స్టాంపులూ పంపేవారు. ముక్కూమొహం తెలియని మనిషి గంటల తరబడి కూర్చుని పాటలు ఎక్కించి పంపేవాడు. రేపు మరొకరికి తనూ అలాగే చేయాలి. అదే దానికి మూల్యం. క్యాసెట్ అట్టమీద తేదీ, ఊరు, హాలు, పాటల వరస రాయడం తప్పనిసరి. కాపీకి కాపీ తీసినకొద్దీ 'స్‌స్‌స్' మనే రొద పెరుగుతుంది కాబట్టి, అది ఎన్నో కాపీయో తెలుసుకోవడమూ ముఖ్యమే.

వేలానికెళ్లిన నిధి

ఈ పంపకాల విలువ ఏమిటో ఒక ఉదంతం చెబుతుంది. బ్యాండ్ కోసం బెట్టీ కాంటర్ జాక్సన్ అనే మహిళా ఇంజినీరు ఎన్నో కచేరీలను అద్భుతంగా రికార్డు చేసింది. ఆమె ఇబ్బందుల్లో పడి, టేపులు దాచిన గోదాము అద్దె కట్టలేకపోయింది. దాంతో 1986లో అక్కడి సామానంతా వేలం వేశారు. వందల టేపులు తలోచోటికీ పోయాయి. కొన్ని పాడయ్యే దశకు చేరితే అభిమానులే శ్రమపడి బాగుచేశారు, కాపీలు తీసి పంచారు.

ఆమె రికార్డు చేసినవాటిలో ప్రసిద్ధమైనది 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ. ఏళ్ల తరబడి అది అభిమానుల ఇళ్లలోనే మోగింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని 2011 సంవత్సరపు జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. అధికారికంగా విడుదలైంది మాత్రం 2017లో! అంటే దుకాణంలోకి రాకముందే అది దేశ వారసత్వ సంపద అయిపోయిందన్నమాట.

ఉచితంగా ఇస్తే నష్టమా?

టేపులు పోగుచేసే అభిమానుల్లో ఒకడైన డిక్ లాట్వాలానే బ్యాండ్ తన భాండాగారానికి కాపలాదారుగా పెట్టుకుంది. అతను ఏరిన కచేరీలతో 1993లో 'డిక్స్ పిక్స్' సీడీల వరస మొదలైంది. 1995లో గార్సియా చనిపోయాడు, బృందం ఆ పేరుతో పాడటం ఆపేసింది. 1999లో లాట్వాలా కూడా పోయాడు. సీడీలు మాత్రం ఆగలేదు.

అమెరికాలో పాటల టాప్-10 జాబితాకి ఎక్కిన ఈ బ్యాండ్ పాట ఒకే ఒక్కటి, అదీ 1987లో. కానీ 2024 ఫిబ్రవరిలో వీళ్ల 59వ ఆల్బమ్ బిల్‌బోర్డ్ టాప్-40లో చేరింది. ఎల్విస్ ప్రెస్లీ, ఫ్రాంక్ సినాట్రాల రికార్డు బద్దలైంది. వాటిలో ఎక్కువ భాగం పాత కచేరీల రికార్డింగులే. ఉచితంగా పంచుకుని, కాపీలు తీసుకుని, అరిగేదాకా విన్నవాళ్లే వాటిని మళ్లీ డబ్బిచ్చి కొన్నారు మరి!