ఏడు కిలోల్లో సంచి వాటా ఎంత?

విమానాశ్రయం కౌంటరు దగ్గర ఒకసారి నా బ్యాక్‌ప్యాక్‌ను తూకం మీద పెట్టమన్నారు. 8.3 కిలోలు తూగింది. అనుమతి 7 కిలోలే. వెనక క్యూ అంతా చూస్తుండగా నేల మీద గొంతుక్కూర్చుని జిప్పు తీశాను. జీన్స్ ప్యాంటు, సున్నుండల డబ్బా, ఒక లావుపాటి నవల తమ్ముడి సంచిలోకి వెళ్లాయి. ఇంటికొచ్చాక ఖాళీ సంచిని తూచి చూస్తే 1.9 కిలోలు. నాకు దక్కిన ఏడు కిలోల్లో నాలుగో వంతుకు పైగా సంచే తినేసిందన్నమాట. కొనేటప్పుడు నేను కొట్లో అడిగింది మాత్రం ఒక్కటే ప్రశ్న: ఎన్ని లీటర్లు?

లీటరంటే వెయ్యి ఘన సెంటీమీటర్లు. 45 సెంటీమీటర్ల ఎత్తు, 30 వెడల్పు, 20 మందం ఉన్న సంచి లెక్క ప్రకారం 27 లీటర్లు. మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి నిజానికి పట్టేది ఇంకాస్త తక్కువే. ఇండిగోలో చేతి సంచికి కొలత 55×35×25 సెంటీమీటర్లు, అంటే 48 లీటర్లు. కొలత వరకే చూస్తే 40 లీటర్ల సంచి కూడా దర్జాగా వెళ్తుంది. అడ్డం పడేది 7 కిలోల నియమం. ల్యాప్‌టాప్, ఛార్జర్ కలిసి 2.2 కిలోలనుకుందాం. నా పాత సంచిలో మిగతా సామానుకు మిగిలేది 2.9 కిలోలు. అదే సంచి బరువు 1.1 కిలోలైతే 3.7 మిగులుతాయి. తేడా 800 గ్రాములు, ఇంచుమించు రెండు జతల పల్చని బట్టలు. రైల్లో ఈ గొడవ లేదు, స్లీపర్‌లో 40 కిలోల దాకా ఉచితమే. కానీ ప్లాట్‌ఫారం మెట్లెక్కేటప్పుడు మోసేది మన వీపే కదా.

ఆఫీసుకీ, మూడు రోజుల ఊరికీ ఒకే సంచి కావాలంటే నా లెక్కలో 25 నుంచి 30 లీటర్లు చాలు, ఖాళీ బరువు కిలోకు అటూ ఇటూ ఉండాలి. ఆఫీసు వరకే అయితే 20 లీటర్లు ధారాళం. ‘ఎందుకైనా మంచిది’ అని 40 లీటర్లది కొంటే, ఆ ఖాళీని రోజూ ఏదో ఒకటి వచ్చి నింపుతుంది. వాడని గొడుగు, నిరుటి బిల్లులు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ దాని అడుగునే దొరుకుతాయి.

పిల్లల సంచుల విషయంలో ఈ లెక్క ఇంకా కచ్చితం. 2020లో కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు పిల్లల బరువులో పది శాతం దాటకూడదు. 25 కిలోల పిల్లవాడికి 2.5 కిలోలు. కార్టూన్ బొమ్మలతో, గట్టి అట్టలతో మెరిసే సంచే 900 గ్రాములుంటే పుస్తకాలకూ, నీళ్ల సీసాకూ, అన్నం డబ్బాకూ కలిపి మిగిలేది 1.6 కిలోలే.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ లెక్కే. వీపుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బరువు వెనక్కి లాగే దానికంటే, అదే బరువు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే రెట్టింపు లాగుతుంది. అందుకే ల్యాప్‌టాప్ అర వీపుకు ఆనుకునే ఉండాలి. 15.6 అంగుళాలంటే తెర మూల నుంచి మూలకు కొలత. మూసిన ల్యాప్‌టాప్ అడ్డంగా 36 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, మందం మోడల్‌ను బట్టి మారుతుంది. కాబట్టి చీటీని నమ్మకుండా మీ ల్యాప్‌టాప్‌నే దూర్చి చూడండి. ఆ అరలోకి చెయ్యి పెట్టి, సంచి అడుగును బయట నుంచి వేలితో తట్టండి. దెబ్బ నేరుగా లోపలి చేతికి తగిలిందంటే, బస్సులో సంచి కింద పెట్టిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ అంచుకూ తగులుతుందన్నమాటే. అడుగు నుంచి రెండు సెంటీమీటర్లైనా ఎత్తులో ఆగే అర మంచిది.

గుడ్డ దగ్గర 600డి, 1000డి అని రాసి ఉంటుంది. డి అంటే డెనియర్: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. అది దారం లావును చెబుతుంది, గట్టిదనాన్ని కాదు. 420 డెనియర్ మంచి నైలాన్, 600 డెనియర్ నాసి పాలిస్టర్ కంటే ఎక్కువ కాలం మన్నవచ్చు. పైగా సంచి ముందుగా పాడయ్యేది గుడ్డ దగ్గర కాదు, భుజం పట్టీ సంచికి కలిసే చోట, జిప్పు దగ్గర. పట్టీ మొదట్లో కుట్టు ఒక్క వరుసే ఉంటే పక్కన పెట్టేయండి. అక్కడ దగ్గరదగ్గరగా ముందుకూ వెనక్కూ వేసిన దట్టమైన కుట్టు కనబడాలి. జిప్పు అంకె పళ్ల వెడల్పును సుమారుగా మిల్లీమీటర్లలో చెబుతుంది. ప్రధాన అరకు 8 లేదా 10 ఉంటే నిశ్చింత, చిన్న జేబులకు 5 సరిపోతుంది. రన్నర్ అరిగితే మార్చి ఇస్తారు, పళ్లు ఊడితే మాత్రం జిప్పు మొత్తం మార్చాల్సిందే.

వానకు ఆగుతుందని రాసి ఉన్నా పూర్తిగా నమ్మకండి. గుడ్డ ఆపినా కుట్టు రంధ్రాల్లోంచీ, జిప్పులోంచీ నీరు దిగుతుంది. వాన తొడుగు లేకపోతే లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి అందులో సర్దితే చాలు. తడిసిన సంచిని ఆరకుండా బీరువాలో పెడితే లోపలి పూత కొన్నాళ్లకు జిగురై తెల్లగా పొట్టు రాలుతుంది. కోస్తా ఉక్కపోతలో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

కొట్టుకు వెళ్లేటప్పుడు మీ ల్యాప్‌టాప్‌తో పాటు రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు పట్టుకెళ్లండి. సీసాకు రెండు కిలోల చొప్పున, అన్నీ కలిపి ఆరు కిలోలవుతాయి. సంచిలో వేసుకుని కొట్లోనే పది నిమిషాలు తిరగండి. కొట్టువాడు విసుక్కున్నా ఫరవాలేదు.