సింహగిరి చందనము

విశాఖపట్టణపు చేరువను, సంపెంగలకును అనాసలకును పనసలకును పేరుగన్న సింహగిరిపై వెలసిన వరాహలక్ష్మీనృసింహస్వామిని ఏడాది పొడుగునను దర్శింప వచ్చు భక్తులకు కానవచ్చునది లింగాకారమైన చందనపుపూతయే గాని, వరాహముఖమును నరదేహమును సింహవాలమును గల నిజరూపము కాదు. ఆ రూపమును కన్నులార చూడగోరువారు వైశాఖ శుద్ధ తదియ వచ్చుదనుక వేచియుండవలసినదే.

ప్రహ్లాదు డర్చించిన మూర్తి కాలక్రమమున పుట్టలో మరుగుపడగా, పురూరవచక్రవర్తి ఆ మన్ను తొలగించెననియు, తొలగిన మన్నెంతయో అంత చందనమును పూయుచుండుమని ఆదేశము కలిగెననియు స్థలపురాణము. పాదములు మాత్రము నేటికిని భూమిలోనే యున్నవని భక్తుల విశ్వాసము.

తదియకు కొన్ని దినములు ముందుగనే ఆలయమున చందనపు అరగదీత ఆరంభమగును. సానపై నీటిచుక్కలు చిలుకరించి, చెక్కను రెండుచేతుల నదిమిపట్టి వలయముగా రాయగా రాయగా, లేతపసుపు గంధము సాన యంచునకు చేరును. దానిని అరచేత తీసి పాత్రలో కూర్చుదురు. ఈ విధముగా మణుగులకొలది గంధము సిద్ధము కావలయునన్న ఎందరి భుజములు నొవ్వవలయునో యోచింపుడు! తదియనాడు తెల్లవారకమునుపే అర్చకులు వెండి బొరిగెలతో పాతపూతను ఒలుతురు. తొలిదర్శనము అనువంశిక ధర్మకర్తలైన పూసపాటి వంశీయులది. రాత్రి గిరిపైని గంగధార జలముతో సహస్రఘటాభిషేకము జరిపి, మూడు మణుగుల చందనమును మరల పూయుదురు. నిజరూపదర్శనమునకై జనులు బారులుతీరుట సహజమే. అయినను, దొరకిన రూపమును ఆనాటి రాత్రియే తమచేతులతో మరల కప్పివేయు ఈ భక్తియే నాకు మిక్కిలి ఉదాత్తముగా తోచును.

ఆలయ ప్రాచీనతకు గోడలపైని శాసనములే సాక్షులు. కులోత్తుంగచోళుని కాలపు శాసనము 11వ శతాబ్దాంతము నాటిది. నేటి నిర్మాణములో ప్రధానభాగము 13వ శతాబ్దిని గాంగరాజైన నరసింహదేవుని నాడు రూపొందినది. కళింగ దండయాత్రలో 1516లో కృష్ణదేవరాయలు వచ్చి కానుకలిచ్చి శాసనము వేయించెను. తెలుగు వచనమునకు ఆద్యుడని మన్ననలందిన కృష్ణమాచార్యుడు సింహగిరి వచనములను ఈ స్వామికే అంకితము చేసెను. ఉత్తరాంధ్రమున ఇంటింట స్వామి ముద్దుపేరున అప్పన్నలును, గిరి పేరున సింహాచలములును ఉండుట జనులకు ఈ స్వామితో గల బంధము చలువయే.

తదియనాటి పూతతో చందనసమర్పణము ముగియదు; వైశాఖ, జ్యేష్ఠ పూర్ణిమలయందును మూడేసి మణుగుల పూత జరుగును. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు లక్షలాది జనులు కాలినడకను గిరిచుట్టును సుమారు 32 కిలోమీటర్లు ప్రదక్షిణము చేయుదురు. మరునాటి పూర్ణిమను తుదివిడత పూయబడి, పండ్రెండు మణుగులు పూర్తియగును.