మైక్రోవేవ్ పడితే రెసిస్టెన్స్ సున్నా... మరి కరెంటు బిల్లు?

ఆనందపురం: మైక్రోవేవ్ తరంగాలు పడితే కరెంటుకు అడ్డు పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మొచ్చా? ప్రయోగంలో అలా కనిపించిన మాట నిజమే. దాంతో కరెంటు ఫ్రీగా వస్తుందన్నది మాత్రం అబద్ధం. తేడా ఎక్కడో చూద్దాం.

వైరులో నడిచే ఎలక్ట్రాన్లకు తగిలే అడ్డే రెసిస్టెన్స్. ఇంటి వైరైనా, ఫ్యాక్టరీ కేబులైనా వేడెక్కేది దానివల్లే. గాలియం ఆర్సెనైడ్ మీద అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొర పెంచితే, రెండూ కలిసేచోట ఎలక్ట్రాన్లు పలుచని పొరలో చిక్కుకుంటాయి. అవి పక్కలకు కదులుతాయి గానీ పైకీ కిందికీ కదల్లేవు. అందుకే దీన్ని ద్విమితీయ వ్యవస్థ అంటారు. ఇది మనకు మరీ కొత్తదేం కాదు. మిద్దె మీది డిష్ యాంటెన్నాలో సిగ్నల్‌ను పెంచే హెమ్ట్ ట్రాన్సిస్టర్ కూడా ఇలాంటి పొరతోనే పనిచేస్తుంది.

ఈ పొరను బాగా చల్లబరిచి, అయస్కాంత క్షేత్రంలో ఉంచి మైక్రోవేవ్ పంపితే రెసిస్టెన్స్ పెరుగుతూ తగ్గుతూ ఊగుతుందని జుడోవ్, డు బృందం 2001లో ప్రకటించింది. మరింత శుద్ధమైన నమూనాల్లో అది సున్నాకే పడిపోయిందని రమేశ్ మణి బృందం 2002 డిసెంబరులో 'నేచర్' పత్రికలో రాసింది. 2003లో జుడోవ్, డు బృందమూ అదే చూపింది.

ఎందుకలా? అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లు గుండ్రంగా తిరుగుతాయి, వాటి శక్తి మెట్లు మెట్లుగా మారుతుంది. మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీ ఆ తిరుగుడు ఫ్రీక్వెన్సీకి ఒకటి, రెండు, మూడు రెట్లకంటే కొంచెం ఎక్కువైతే, శక్తి అందుకున్న ఎలక్ట్రాన్లు మలినాలకు తగిలి వెనక్కి జరుగుతాయని ఒక వివరణ. జమా, ఖర్చు సరిపోయినట్టు రెసిస్టెన్స్ సున్నా దగ్గర ఆగుతుంది. సున్నాకంటే కిందికి వెళ్లాల్సి వస్తే కరెంటు స్థిరంగా ఉండలేక పాయలుగా విడిపోతుందని 2003లో ఆండ్రీవ్, అలైనర్, మిల్లిస్ వివరించారు. అసలు కారణం మీద ఇతర వాదనలూ ఉన్నాయి.

ఇక అసలు లెక్క. ఇది సూపర్ కండక్టర్ కాదు. మైక్రోవేవ్ ఆపగానే సున్నా కూడా పోతుంది. పైగా సున్నాకు సుమారు 272 డిగ్రీల కింద చలి కావాలి, అయస్కాంతం కావాలి, మైక్రోవేవ్ ఆగకుండా అందాలి. వీటన్నిటికీ కరెంటు ఖర్చే. ఫలితం దక్కేది మిల్లీమీటర్ల సైజు చిప్పులో. మన వంటింటి ఓవెన్‌తో ఇది కుదరదు.

కాబట్టి 'జీరో రెసిస్టెన్స్ టెక్నాలజీ, పెట్టుబడి పెట్టండి' అని ఎవరైనా వస్తే మూడే ప్రశ్నలు అడగండి: ఎంత చలిలో? ఎంత సైజు ముక్కలో? చల్లబరిచే ఖర్చు ఎవరిది? జవాబు సూటిగా రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.